ప్రవేశాల రిజిస్టర్‌లో మా వాడి పేరు

మెదక్ పట్టణంలోని ఒక చిన్న ప్రాథమిక పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయురాలిగా బదిలీపై వెళ్ళింది జూన్ నెలలో, బడిబాట రోజుల్లో. బడిబాట అంటే టీచర్లు ఇల్లిల్లూ తిరిగి పిల్లలను బడిలో చేర్పించే పని. పిల్లల సంఖ్యను బట్టే టీచర్ పోస్టులు. ఒకరోజు పొద్దున, మర్నాటి సాయంత్రానికి ఇంకో ఇద్దరు చేరకపోతే మా రెండో టీచర్‌ను రేగోడ్ వైపు ఇంకో బడికి సర్దుతామని మండల విద్యాధికారి చెప్పారు. అప్పుడు ఐదు తరగతులూ నా ఒక్కదాని మీదే పడతాయి.

ఆ రోజే బీడీలు చుట్టే లక్ష్మి ఇంటికి వెళ్ళాను. ఆమెకు ఇద్దరు పిల్లలు. వాళ్ళను ప్రైవేటు బడి వ్యాను ఎక్కించాలనుకుంటోంది. కంప్యూటర్ పాఠాలతో సహా మా బడి గురించి ఉన్నదానికి కొంత కలిపే చెప్పాను. కలపడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆమె ఆకు కత్తిరిస్తూనే అంతా విని, "మీ పోరడు యాడ సదువుతుండు మేడం?" అని అడిగింది.

"మా బడిలనే, మూడో తరగతి," అన్నాను. వాడు చదివేది ప్రైవేటు బడిలో.

"అట్లయితే పొద్దుగాల వచ్చి చూస్త. ఉంటే మావోళ్ళు గూడ ఆడనే."

రాత్రి ఇంట్లో జరిగింది చెప్పి, వాడిని మా బడికి మారుద్దామంటే మా ఆయన పళ్ళెం పక్కకు జరిపాడు. "కత చెప్పింది నువ్వు, మోసేది పోరడా?" అన్నాడు. మా వాడు మాత్రం మధ్యాహ్నం గుడ్డు ఏయే రోజుల్లో పెడతారని అడిగాడు. మా ఆయన ఒప్పుకున్నానని చెప్పలేదు గానీ, పొద్దున వాడిని బండి మీద దింపింది ఆయనే.

టీసీ లేకున్నా విద్యాహక్కు చట్టం ప్రకారం చేర్చుకోవచ్చు. ప్రార్థనకు ముందే వాడి పేరు రాశాను. ప్రవేశాల రిజిస్టర్‌లో వరుస సంఖ్య తప్పకూడదు, మధ్యలో ఖాళీ వదలకూడదు, కాబట్టి తేదీ వెనక్కి వేసే వీలు లేదు. నోటితో ఎంతైనా అల్లేదాన్ని, ఆ పుస్తకం దగ్గర నా ఆటలు సాగలేదు.

లక్ష్మి పిల్లలతో వచ్చింది. మూడో తరగతిలో కూర్చున్న మా వాడిని చూసింది. గండం గడిచిందనుకునేలోగా, "పేరు సూపియ్యుండ్రి," అంది. రిజిస్టర్ ఆమె వైపు తిప్పాను. వేలు పెట్టి నెమ్మదిగా చదివింది.

"గిది ఇయ్యాల్టి తారీఖు గదా మేడం."

రెండో టీచర్ సుద్దముక్కతో గుమ్మంలోనే ఆగిపోయింది. నేను అవునన్నాను. నిన్న ఆడింది అబద్ధమని కూడా ఒప్పుకున్నాను.

లక్ష్మి రిజిస్టర్ మీది నుంచి వేలు తీసింది. "మస్తు అల్లుతరు మేడం మీరు. మిగిలిన ముచ్చట్లల్ల ఏది నిజమో గది గూడ చెప్పుండ్రి."

"కంప్యూటర్ ఉంది. నడవదు," అన్నాను.

"కొడుకునైతే తెచ్చిండ్రు. రాస్కోండ్రి, మావోళ్ళిద్దర్ని."

ఆ ఏడాదికి పోస్టు నిలిచింది. స్వచ్ఛంద విరమణ తీసుకునే దాకా ప్రతి బడిబాటకూ ఆ రిజిస్టర్‌ను సంచిలో వేసుకునే వెళ్ళాను. ఏ ఇంట్లోనైనా తల్లులు ముందు అడిగేది మా వాడు ఎక్కడ చదివాడన్న ప్రశ్నే. దానికి జవాబు చెబితే చాలదు, చూపించాలి.