ప్రశ్నకో కుర్చీ

మా చిన్నప్పుడు... తెనాలి నుంచి రేపల్లె పోయే పాసింజరు బండిలో నిలబడి గోళీ పైకి ఎగరేస్తున్నాను. బండి ముందుకి ఉరుకుతోంది. గోళీ గాల్లో ఉన్నంతసేపూ బండి ఆగదు కదా... మరి అది వెనక కూర్చున్న ముసలాయన బట్టతల మీద పడాలి. పడదే! బుద్ధిగా వచ్చి నా అరచేతిలోనే పడుతోంది.

అసలే కాలు ఒకచోట నిలవని పిల్లాణ్ణి. "వీడి అరికాళ్లలో చీమలు పుట్ట పెట్టాయి" అనేది అమ్మ. ఆ ప్రశ్న పుట్టాక నిద్రలో కూడా కాళ్లాడించానట.

బడికెళ్లి సైన్సు మాస్టారిని అడిగాను. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "రైల్లో గోళీలాడావుట్రా? గోడకుర్చీ వెయ్!" అన్నారు.

గోడకుర్చీ తెలియని అదృష్టవంతుల కోసం... వీపు గోడకి ఆనించి, మోకాళ్లు వంచి, లేని కుర్చీలో కూర్చోవాలి. తొడలు వణికిపోతాయి. మర్నాడు మళ్లీ అదే అడిగాను. మళ్లీ గోడకుర్చీ. మూడోనాడు బడికే పోలేదు. నాన్న చూసి చూసి మోటారు వైండింగు షెడ్డులో చేర్చాడు.

ఆ తర్వాత నా చదువంతా బజ్జీల పొట్లాల కాగితాల మీదే సాగింది. అందుకే నాకు ఏ కథకీ చివర తెలియదు... సగంలో చిరిగిపోయి ఉండేవి. మీ మాటలూ అంతేనండీ, అనేది మా ఆవిడ. సరే, విషయానికొస్తాను.

పెద్దతనంలో కూతురి దగ్గరికి కెనడాలోని వాటర్లూ వచ్చి పడ్డాను. చదువుల కోసం మన పిల్లలు వరదలా వచ్చిపడుతున్న కాలం అది. బస్సులో తెలుగు, కాఫీ షాపు కౌంటరు వెనక తెలుగు, మా బేస్‌మెంట్లో తెలుగు. ఆ బేస్‌మెంట్లో అద్దెకుండే కరీంనగర్ అమ్మాయి శ్రావ్య ఓ రోజు, "అంకుల్, ఇంట్ల ఊకే అటిటు తిరుగుడేంది? నాతోని రండి" అని శనివారం క్లాసుకి లాక్కెళ్లింది.

కమ్యూనిటీ సెంటర్లో చిన్న హాలు. అక్కడ ఓ చైనా పెద్దావిడ విద్యార్థులకి ఉచితంగా ఫిజిక్స్ చెప్పేవారు. పిట్టంత మనిషి. అందరూ ప్రొఫెసర్ అనే పిలిచేవారు. ఆవిడ చదువుకునే రోజుల్లో వాళ్ల ఊళ్లో ఫిజిక్స్ చదివిన ఆడపిల్ల మరొకరు లేరట. తీరా పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక అక్కడి సర్కారు విప్లవం పేరుతో యూనివర్సిటీ మూసేసి, ఆవిణ్ణి పొలం పనికి పంపారట. ఏళ్ల తర్వాత తలుపులు తెరిచేసరికి కుర్రాళ్లు, పెళ్లయినవాళ్లు, చంటిపిల్లల తల్లులు... ఒక్కసారిగా విరుచుకుపడ్డారు. పరికరాలు లేవు... డబ్బాలతో, తీగలతో చేసుకున్నారు. కుర్చీలూ లేవు. అప్పుడు పెట్టారట ఆ రూలు: ప్రశ్న తెచ్చినవాళ్లకే కుర్చీ. తక్కినవాళ్లు నిలబడి వినాలి. అలా ఒక డిపార్ట్‌మెంటునే కట్టారు.

వాటర్లూలోనూ అదే రద్దీ, అదే రూలు.

అది విన్నప్పటినుంచి నాకు కుదురు లేదు. అక్కడ అడిగితే గోడకుర్చీ... ఇక్కడ అడిగితే నిజం కుర్చీ! కానీ నా ఇంగ్లీషు మోటారు స్పేరు పార్టుల పేర్ల దగ్గరే ఆగిపోతుంది. శీతాకాలమంతా గుమ్మం దగ్గర నిలబడ్డాను. కారిడార్లో పచార్లు చేశాను. వచ్చేవారం అడుగుదాంలే అనుకున్నాను.

ఇంతలో శ్రావ్య కబురు తెచ్చింది. "ప్రొఫెసర్ దేశం ఆ కొసకు, బర్నబీకి మూవ్ అయితుండ్రు అంకుల్, వాళ్ల కొడుకు దగ్గరికి. ఈ సాటర్‌డేనే లాస్ట్ క్లాస్."

ఇప్పుడు అడగకపోతే ఇక ఆ ప్రశ్న నాతోనే పోతుంది...

ఆ రోజు క్లాసు అయిపోవచ్చింది. నేనింకా గుమ్మం దగ్గరే. శ్రావ్యే చేయెత్తి, మా అంకుల్ దగ్గర ఒక ప్రశ్న ఉందని ఇంగ్లీషులో అరిచింది. నావైపు తిరిగి, "అడుగుండ్రి అంకుల్, నేను చెప్త కదా" అంది.

తెలుగులో అడిగాను. ఆ పిల్ల ఇంగ్లీషులో చెబుతుంటే, నా వీపు దానంతటదే గోడ కోసం వెతుక్కుంది.

ప్రొఫెసర్ నవ్వలేదు. తన కుర్చీ తనే ఈడ్చుకొచ్చి నా ముందు వేశారు. కూర్చున్నాను. హాలంతా చప్పట్లు.

ఆవిడ వెంటనే ఏదో అన్నారు. "జవాబు ఈడ లేదంట అంకుల్, లేవుండ్రి" అంది శ్రావ్య. ఇన్నేళ్లకి దొరికిన కుర్చీ... కాసేపైనా కూర్చోనివ్వలేదు!

అందర్నీ ఊళ్లో తిరిగే చిన్న రైలు, లైట్ రైల్ ఎక్కించారు ప్రొఫెసర్. సంచిలోంచి చిన్న కమలాపండు తీసి నా చేతిలో పెట్టారు. ఎగరేశాను. అరచేతిలోనే పడింది. ఆవిడ చెప్పడం, శ్రావ్య నాకు అందించడం: "బండి ఎక్కినప్పటిసంది పండు గూడ బండితోని ఉరుకుతనే ఉందంట. పైకి ఎగరేసినా ఆ ఉరుకుడు మానదంట."

మళ్లీ ఎగరేశాను. సరిగ్గా అప్పుడే డ్రైవరు బ్రేకేశాడు. పండు ముందుకెళ్లి శ్రావ్య ముక్కుకి తగిలింది.

"అరె అంకుల్! హెల్ప్ చేస్తే నన్నే కొడ్తరా?"

బండంతా నవ్వులు. అందరికంటే గట్టిగా ప్రొఫెసరే నవ్వారు. నవ్వుతూనే నాకు అర్థమయ్యే ఇంగ్లీషులో, వేళ్లతో చూపిస్తూ చెప్పారు... బండి ఆగింది. పండు ఆగలేదు.

నాకు బడి మానేసిన రోజు గుర్తొచ్చింది. కిటికీ వైపు తిరిగాను.

ప్రొఫెసర్ వెళ్లిపోయారు. శ్రావ్యకి పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లో ఉద్యోగం దొరికి అటు మారిపోయింది. ఆ పిల్లల వరద కూడా తీసింది. మొన్న ఆ హాల్లోకి తొంగి చూశాను... కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, గోడవారగా పెట్టేశారు. అప్పట్లో ఒక్క కుర్చీ కోసం ఎంత కొట్టుకున్నాం...

ఇంట్లో కుదురుగా కూర్చోలేక ఇది రాస్తున్నాను. మీ చిన్నప్పుడు మీ చేత గోడకుర్చీ వేయించిన ప్రశ్న ఏది? కింద రాయండి... జవాబు నాకు తెలియకపోవచ్చు. కుర్చీ మాత్రం వేస్తాను.