తీసుకున్నామన్న మాట

ఈ ఉదయం బంగారుపాళ్యంలో బస్సు దిగి బావ మామిడి పల్ప్ ఫ్యాక్టరీకి పోతే, గేటు మీది బోర్డుకు పెయింటర్ తెల్లరంగు పూస్తున్నాడు. ఫ్యాక్టరీ పేరుతోనే నేను పెట్టించిన మెయిల్ అడ్రసు పోయి, దాని చోట ఊళ్లో అందరికీ ఉండే పెద్ద కంపెనీ అడ్రసు వస్తోంది. "పాతది పూర్తిగా కొట్టేయల్లా సార్?" అని నన్నే అడిగాడు. కొట్టేయమన్నాను. ఒళ్లు మండిపోయింది, పాపం అతని మీద కాదు.

ఆ పాత అడ్రసుకు మెయిళ్లు పంపి, అందుకునే సర్వర్‌ను నిలబెట్టింది నేనే. ఆఫీసు మూల చిన్న పెట్టె, అక్క దానికి పసుపూ కుంకుమా పెట్టింది. బావ అగరొత్తులు కూడా వెలిగించబోతే, పొగ పడదని ఆపాను. మెయిల్ సర్వర్లకు లోకమంతా ఒప్పుకున్న నిబంధనలున్నాయి. ఒక్కటీ వదలకుండా పాటించాను. వాటిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. అవతలి సర్వర్ 'తీసుకున్నాను' అని బదులిస్తే, ఆ మెయిల్ భారం ఇక దానిదే. మనిషికి చేర్చాలి, చేర్చలేకపోతే తిప్పి పంపాలి. గుట్టుచప్పుడు కాకుండా పారేయకూడదు.

తోతాపురి కాయలు యార్డులో కుప్పలు పడే రోజుల్లో, బావకు బయటి దేశం నుంచి మొదటి ఆర్డరు కబురొచ్చింది. ఒప్పుకుంటూ మెయిల్ పంపాం. "ఏమప్పా, చేరిందా?" అన్నాడు బావ. "చేరింది బావా, తీసుకున్నామని వాళ్ల సర్వరే చెప్పింది" అన్నాను. ఆయన నా మాట నమ్మి తోటలవాళ్లకు మాటిచ్చాడు, ఇంకా కాయ దింపించాడు. బదులు రాలేదు. ఆయన రోజూ అడిగేవాడు, నేను రోజూ చేరిందనే అనేవాణ్ణి. చివరికి ఫోన్ చేస్తే, మీరు ఉలకలేదు పలకలేదు, వేరేవాళ్లతో ఖాయం చేసుకున్నామన్నారు. మా మెయిల్ వాళ్ల స్పామ్‌లో కూడా లేదు. వాళ్లకు మెయిల్ నడిపేదీ ఇవాళ బోర్డుకెక్కిన ఆ పెద్ద కంపెనీయే, తీసుకున్నామని చెప్పి గుటుక్కున మింగేసింది. నా నోటితో బావకు అబద్ధం చెప్పించింది. ఆర్డరు లేనిదే అంత గుజ్జు తీసి నిలవ చేసే దారి లేదు. యార్డులో కాయ మెత్తబడి, నీరు కారి, ఈగలు ముసిరాయి.

"వద్దంటే వద్దని సెప్పల్ల. తీసుకున్నామని సెప్పి పారేసేది యాడి మర్యాదరా?" అంది అక్క. నిజమే. మండీలో ఎంత మొండివాడైనా నచ్చని కాయను మొహం మీదే వద్దంటాడు. బండి తిప్పుకుని ఇంకో మండీకి పోతాం.

తిరుపతిలో ఒక కాలేజీ సర్వర్లు చూసే స్నేహితుడి దగ్గరికెళ్లి కేకలేశాను. వాడు నవ్వాడు. "చిన్న సర్వర్ నుంచి వస్తే దొంగమెయిలే అనుకుంటారు సామీ. తిప్పి పంపితే ఎట్లా పట్టుకుంటారో దొంగలకు గుట్టు తెలిసిపోతాదని గమ్మునుంటారు. రూలు పుస్తకంలో ఉంటాది, వాడుక పెద్దోళ్ల చేతిలో ఉంటాది" అన్నాడు. దొంగల భయానికి ఇంటికొచ్చిన చుట్టాన్ని బావిలో తోస్తారా? ఆ కంపెనీకే తిడుతూ రాశాను. 'మీ ఫిర్యాదు అందుకున్నాం' అని క్షణంలో జవాబొచ్చింది. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు.

బావ ఆనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. ఇవాళ బోర్డు కింద నిలబడి, "పోనీలేప్పా, అందరూ పోయే దోవలోనే పోదాం" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. కాలం గడిస్తే కోపం చల్లారుతుందంటారు, నాకైతే చల్లారలేదు. కాయ ఆగలేదు, కొనేవాడూ ఆగలేదు. వద్దు అనే ఆ ఒక్క మాట కోసం ఇప్పటికీ ఆగి ఉన్నది నేనొక్కణ్ణే.