మూడో అంతస్తు బెల్లు

ఆఫీసులో అందరూ ఆయన్ని బాబాయి అంటారు. అన్న లేడు, అన్న పిల్లలు లేరు, పెళ్లి మాట ఎప్పుడో మరుగునపడింది. అలాంటి మనిషికి ముప్ఫై మంది చేరి బాబాయి అని పేరు పెట్టడం ఏం న్యాయమో మరి, ఆయన మాత్రం కాదనలేదు. పిలిచేది కూడా పని పడ్డప్పుడే. "బాబాయ్, పోయిన నెల బ్యాటరీ ఫిర్యాదులు కాస్త తీసివ్వండి" అంటారు. తీసిస్తాడు. "థాంక్స్ బాబాయ్" అంటారు. చాలా రోజులు ఆయన నోట్లోంచి వచ్చే మాటలు అంతటితో సరి.

కంపెనీ అమ్మేది వైరు లేని కాలింగ్ బెల్లులు. మీట వీధి తలుపు దగ్గర పెట్టుకోవాలి, మోగే డబ్బా ఇంట్లో. కొన్నవాళ్లు రాసిన ప్రతి ఫిర్యాదుకీ ఒక నంబరు పడుతుంది, దాన్నే టిక్కెట్ అంటారు. ఒకప్పుడు బాబాయి ఆ టిక్కెట్లకి జవాబులు రాసేవాడు. బ్యాటరీ మార్చుకోండి అని ఒక ముక్క రాసి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. ఈయన బ్యాటరీ ఎలా మార్చాలో రాసి, బెల్లు చప్పుడుకి మీ కుక్క బెదరడం మానిందా అని కూడా అడిగేవాడు. వాళ్లు మళ్లీ రాసేవాళ్లు, ఈయన మళ్లీ రాసేవాడు. "జవాబు రాయమంటే కాపురం పెడతారేంటి బాబాయ్" అని అప్పటి మేనేజరు విసుక్కుని, నాలుగేళ్ల కిందట మూల బల్లకి మార్చేశాడు.

మూల బల్ల పని వెతకడం. తెర మీద బొత్తాలు నొక్కి కాదు, కావలసింది ఏమిటో ప్రోగ్రాములో ఒక వరసగా రాసి పంపాలి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఫలానా మాట ఉన్నవి, ఫలానా స్థితిలో ఉన్నవి అని అడిగితే టిక్కెట్లు వంద చొప్పున వచ్చి పడతాయి. ఒక్కో ప్రశ్నకి వెయ్యికి మించి ఇవ్వదు కాబట్టి నెలల వారీగా ముక్కలు చేసి అడగాలి. బాబాయికి ఆ పని చిటికెలో పట్టుబడింది. లక్షల మంది రాసిన మాటలు రోజంతా ఆయన కళ్ల ముందు నుంచి పోతుంటాయి. ఒక్కరికీ బదులు చెప్పే వీల్లేదు. ఆ బాధ ఆయన ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకోవడానికి ఎవరున్నారు గనక.

ఆ సోమవారం కొత్త మేనేజరమ్మ వచ్చి, కంపెనీ వేరే పద్ధతికి మారుతోందనీ, శుక్రవారం సాయంత్రానికి మూయని టిక్కెట్లు ఏవున్నా యంత్రమే మూసేసి, మీ సమస్య తీరిపోయింది అని వాళ్లకి కబురు పంపేస్తుందనీ చెప్పింది. మూయనివి ఎన్నో లెక్క తేల్చమంది. ఆఫీసు తెర నలభై ఒకటి అంది. బాబాయి రాసిన వరస నలభై రెండు అంది. తన వరసలోనే తప్పుందేమోనని మూడుసార్లు మార్చి అడిగాడు. మూడుసార్లూ నలభై రెండే.

ఎక్కువొచ్చిన ఆ ఒక్కటీ "ఆపి ఉంచినది". అంటే, కనుక్కుని చెబుతాం అని కస్టమరుకి మాటిచ్చి పక్కన పెట్టినది. అలా పెట్టగానే దాని గడియారం ఆగిపోతుంది. గడియారం ఆగితే ఆలస్యమైందని ఎర్రరంగు రాదు, ఎర్రరంగు రానిది ఆఫీసు తెర లెక్కలోకి రాదు, ఎవడూ చూడడు. కస్టమరు ఒక్క ముక్క రాస్తే చాలు, అది మళ్లీ లేచి కూర్చుంటుంది. ఆ ఫిర్యాదు చేసినావిడ ఆ తర్వాత రాయలేదు. నాలుగేళ్లుగా అది బాబాయి పేరు మీదే ఉంది. మూల బల్లకి మారిన రోజున పెట్టినది.

పైనుంచి చదివాడు. బెల్లు మోగడం లేదని ఆవిడ ఫిర్యాదు. ఒకరు కింద మీట నొక్కండి, ఇంకొకరు పైన వినండి అని ఈయన జవాబు. దానికి ఆవిడ ఇలా రాసింది: "ఇద్దరు కావాలంటున్నారు. నేను ఒక్కదాన్నే. మీట వీధి తలుపు దగ్గరుంది, నేనుండేది మూడో అంతస్తు వెనక గది. కింది వాళ్లని అడగాలంటే మొహమాటం. ఒక్కరే చూసుకునే ఉపాయం ఉంటే చెప్పండి." కనుక్కుని చెబుతానమ్మా, అన్నాడు బాబాయి. "సరేనండి, ఎదురుచూస్తాను" అంది ఆవిడ. ఆ మాట వచ్చాక ఈయన దాన్ని ఆపి ఉంచాడు. అంతే.

బాబాయికి తల తీసేసినట్టయింది. మేనేజరమ్మ దగ్గరికి వెళ్లి చెబితే, "ఒక్కటే కదా బాబాయ్, మూసేయండి. ఇప్పుడు తవ్వుకుని ఏం చేస్తాం" అంది ఆమె, ఇంకేదో పనిలో ఉండి. టిక్కెట్లో ఉన్న పాత ఫోన్ నంబరు పనిచేయలేదు. చిరునామా ఈ ఊరిదే, రెండు బస్సులు మారాలి. గురువారం ఒంట్లో బాగాలేదని చెప్పి మధ్యాహ్నమే బయటపడ్డాడు. ఆవిడ ఉందో లేదో, ఉంటే ఏం మొహం పెట్టుకుని నిలబడాలో, బస్సులో కూర్చున్నంతసేపూ అదే ఆలోచన.

సన్నటి వీధి. ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు. ఆకుపచ్చ తలుపు పక్కన తమ కంపెనీ మీట కనబడింది. కొన్నప్పుడు దాని మీదుండే పల్చటి ప్లాస్టిక్ పొర ఇంకా అలాగే అంటుకుని ఉంది, అంచులు పసుపెక్కి, మీద ఒక్క వేలి గుర్తూ లేకుండా. బాబాయి నొక్కాడు. ఏ చప్పుడూ వినబడలేదు. వెళ్లిపోదామా అనుకునేంతసేపు గడిచాక మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతున్నాయి.

డెబ్బై దాటిన ఆవిడ తలుపు తీసింది. ఆయాసంతో తలుపు చెక్క పట్టుకుని నిలబడి, "ఎవరండీ?" అంది.

"బెల్లు కంపెనీ నుంచి వచ్చానమ్మా. మీరు ఫిర్యాదు రాశారు, నాలుగేళ్ల కిందట."

"మోగింది," అంది ఆవిడ. "వెనక గదిలో పడుకున్నాను. అక్కడికీ వినబడింది."

బాబాయికి ప్రాణం లేచొచ్చింది. పని చేతిలో తేలిగ్గా తేలిపోయిన మనిషికుండే తెలివితక్కువ సంతోషంతో, "అయితే బాగానే ఉందన్నమాటేనమ్మా. అసలు మొదటినుంచీ బాగానే ఉండుంటుంది," అనేశాడు.

ఆవిడ వీధి అటు చివర ఒకసారి చూసింది, ఇటు చివర ఒకసారి చూసింది.

"నాలుగేళ్లూనా?" అంది.

అప్పుడు గానీ తానేం చేశాడో బాబాయికి బోధపడలేదు.

"మా చెల్లెలు ఈ ఊళ్లోనే ఉంటుంది," అంది ఆవిడ. "ఏదో మాటా మాటా వచ్చింది. వస్తుందిలే అని ఈ బెల్లు పెట్టించాను. రాలేదు. వచ్చే ఉంటుంది, నొక్కి నొక్కి, అక్క కావాలనే తలుపు తీయడం లేదని వెళ్లిపోయుంటుంది, అనుకుంటూ వచ్చాను. పాపం బెల్లునే తిట్టుకున్నాను."

బాబాయి మీటకి అడ్డంగా జరిగాడు. వెనక్కి చెయ్యి పెట్టి, గోటితో ఆ ప్లాస్టిక్ పొర లాగి గుప్పిట్లో ముడిచేశాడు.

"నేను తొందరపడ్డానమ్మా," అన్నాడు. "ఈ రకం బెల్లులకి ఒక జబ్బుంది. ఒకసారి మోగుతాయి, పదిసార్లు మోగవు. నొక్కినవాళ్లకి మోగిందనే అనిపిస్తుంది. తప్పంతా మా బెల్లుదే."

ఆవిడ ఆయన కళ్లలోకి చూసింది. నమ్మిందో, నమ్మదలుచుకుందో. నడుముకి దోపుకున్న ఫోను తీసి ఒక నంబరు నొక్కి, చెవికి పెట్టుకోకుండా ఆయన చేతికిచ్చింది. "ఆ మాట దానికి చెప్పండి. నేను చెబితే వినదు."

అటు ఫోను ఎత్తారు. బాబాయి ఫోను చెవికి ఆనించుకున్నాడు. ఇంట్లో ఉన్నావిడకి తెలియకపోవచ్చు గానీ, తాను వచ్చిందీ రానిదీ ఫోనులో ఉన్న చెల్లెలికి తెలుసు కదా. అయినా చెప్పాడు. ఫలానా కంపెనీ నుంచి, ఫలానా ఇంటి నుంచి మాట్లాడుతున్నాననీ, నాలుగేళ్లుగా బెల్లు సరిగ్గా మోగడం లేదనీ చెప్పి, "మీరొచ్చి నొక్కినప్పుడు మీ అక్కయ్యగారికి వినబడి ఉండదండీ," అన్నాడు.

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"అవునండి," అంది ఆ గొంతు చివరికి. "నొక్కాను. రెండుమూడుసార్లు నొక్కాను. మోగలేదు."

"మా పొరపాటేనండి," అన్నాడు బాబాయి.

"ఆదివారం వస్తానని అక్కకి చెప్పండి."

చెప్పాడు. ఆవిడ ఫోను తీసుకుని, ఆయన సంగతే మరిచిపోయి, "ఏమే, కింద నుంచి కేకేయొచ్చుగా మరి," అంటూ మెట్లెక్కడం మొదలుపెట్టింది.

బాబాయి తలుపు దగ్గరగా వేసి బస్టాపుకి నడిచాడు. బెంచీ మీద కూర్చుని ఫోనులో టిక్కెట్ తెరిచాడు. కారణం అన్నచోట "పరికరంలో లోపం" అని ఎంచి మూసేశాడు. రేపు మేనేజరమ్మ అడుగుతుంది, చూడని బెల్లుకి లోపం ఎలా రాశారని. అడగనీ.

బస్సు రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. తన దగ్గరికి ఎవరూ రాకపోవడానికి కారణం ఏమని రాయాలో ఆలోచించాడు. ఏ బెల్లు మీదికీ నెట్టడానికి వీల్లేకపోయింది. తన మీద అలిగి రావడం మానేసిన వాళ్లెవరా అని పేర్లు తలుచుకోబోయాడు. ఒక్క పేరూ తట్టలేదు.