మందు డబ్బాలో మజ్జిగ

అప్పట్లో కదిరిలో నాకు పురుగుమందుల అంగడి ఉండేది. ఒక ఎండాకాలం అనంతపురం బస్సులో నా పక్కన మొగుడూ పెళ్లాం కూర్చున్నారు. ఆయన చేతులు వణుకుతున్నాయి. "యాడికి పోతాండాం?" అని పదే పదే అడుగుతున్నాడు. ఆమె విసుక్కోకుండా ప్రతిసారీ "పెద్దాసుపత్రికి" అని చెప్తోంది.

"ఈయనకు నలభై ఐదేండ్లేన్నా. శెనక్కాయకు మందు కొట్టి కొట్టి తలకాయ చెడిందంటారు ఊర్లో," అనింది నాతో.

తర్వాత సంచిలోంచి మజ్జిగ డబ్బా తీసింది. పైన కాగితం లేకపోయినా గుర్తుపట్టినాను. మందు చిల్లరగా కొలిచి అమ్మినాక మిగిలే ఖాళీ డబ్బా అది. గట్టిగా ఉంటాయి, బూడిదేసి తోముకుని వాడుకోండని ఆడోళ్లకు నేనే ఇచ్చేవాణ్ణి.

"రోంత తాగన్నా, ఎండ జాస్తిగా ఉండాది."

నా గొంతు ఎండిపోయి ఉంది. "దప్పిక లేదమ్మా," అన్నాను.

ఆయన గటగటా తాగినాడు. మిగిలింది ఆమె తాగింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చున్నాను.

మరుసటి రోజు అంగట్లోని ఖాళీ డబ్బాలన్నిటికీ మేకుతో బొక్కలు కొట్టినాను. ఎందుకని అడిగిన ప్రతి ఆడమనిషికీ కారణం చెప్పినాను.

ఆమెకే చెప్పలేదు.