మండే పొయ్యిని ఎందుకు ఊదింది?

చిత్తుకాగితాల కొట్టులో పాత తెలుగు గైడు కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎనభైల్లో, చిలకలూరిపేట దగ్గర మా హైస్కూల్లో, దాని మూలంగానే మా కబడ్డీ పోటీ గంగలో కలిసింది.

మాకు ఉపవాచకంగా ఒక పాత నవల ఉండేది. అందులో మొగుడు ఊరొదిలి వెళ్ళిపోగానే ఇల్లాలు వంటింట్లోకెళ్ళి, భగభగ మండుతున్న పొయ్యిని ఊదుతూ కూర్చుంటుంది.

"ఎందుకు ఊదిందిరా? గైడులోది కాకుండా ఒక్కడన్నా సొంతంగా చెప్పేదాకా ఎవడూ కదలడానికి వీల్లేదు" అన్నారు తెలుగు మాస్టారు, ఆఖరి పీరియడులో అందరం గైడులో జవాబే అప్పజెప్పేసరికి.

"పత్తికట్టె పచ్చిదయ్యుంటదండీ."

"కందికట్టె వాడితే ఆ బాధే లేదండీ."

క్లాసు రెండు పార్టీలుగా చీలిపోయి, వంటచెరకు మీద అసెంబ్లీ కూడా ఎరగని చర్చ జరిపింది. "పొయ్యి మండుతోందిరా, నాయనలారా!" అని మాస్టారు అరిచిన అరుపుకి ఊళ్ళో జిన్నింగు మిల్లులన్నీ ఆగిపోయి ఉంటాయి. బయట అవతలి సెక్షను వాళ్ళు మేం లేకుండానే కూత మొదలుపెట్టారు.

నా పక్కనున్న మస్తాను విసుగ్గా లేచాడు. "మా అమ్మ ఏడుపొస్తే మిరపకాయల తొడిమలు తీయడానికి కూర్చుంటదండీ. అప్పుడు ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు. ఈమెకి పొయ్యి దొరికిందండీ."

మాస్టారు సుద్దముక్క బల్లమీద పెట్టేసి, "ఇక పొండిరా" అన్నారు. అప్పటికే ఆట అయిపోయింది. "ముందే చెప్పి చావొచ్చుగదరా!" అని దారిపొడుగునా మస్తాను మీద విరుచుకుపడ్డాను.

ఇంటికెళ్ళేసరికి మా అమ్మ కొండంత మిరపరాశి ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏటా చూసేదే. "ఏమైందమ్మా?" అని మొదటిసారి అడిగాను.

"ఏముందిరా, ఘాటు. పోయి ఆడుకో."

పోలేదు. పక్కనే కూర్చుని తొడిమలు తీశాను. కాసేపటికి ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం. నాది మాత్రం ఉత్త ఘాటే.