ఇనుముకి కొసరు

మా నాన్నకి బరంపురం బజారులో బట్టల కొట్టు. తాతదీ, ముత్తాతదీ అదే కొట్టు. నేను పుట్టగానే అందులో పరుపు మీద నా చోటు కూడా ఖాయమైపోయింది. నాకేమో ఇనుమంటే పిచ్చి. ఇంటావంటా లేని ఈ రోగం ఎక్కణ్ణించి పట్టుకుందో మా అమ్మకి ఇప్పటికీ అంతుపట్టదు.

చదువవగానే ఊరి చివర అంకులిలో ఓ రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని, వరిలో కలుపు తీసే యంత్రం తయారుచేస్తానని ఇంట్లో ప్రకటించాను. ఆ రోజు నా మాటలు వింటే, గంజాం జిల్లా రైతులంతా పనులు మానేసి నా దారి చూస్తున్నారనుకోవాలి.

"పెద్ద కంపినీలోళ్ళ మిషన్లు బజార్లో ఉండగా నీదేటిరా కొత్తగా?" అన్నాడు నాన్న.

"అవి బరువు నాన్నా, మన మడుల్లో దిగబడిపోతాయి. నాది తేలిక. ఒక్క మనిషి తోసుకెళ్ళిపోతాడు."

నాన్న ఒక వేలు చూపించాడు. "సరే, ఒక్క పొలం. అందులో నడిసిందా, నీ ఇష్టం. నడవలేదా, మారు మాటాడకుండా వొచ్చి కొట్లో కూకోవాల."

అమ్మ మీద ఒట్టేశాను. ఒట్టెయ్యడానికి నాకెప్పుడూ ఆలోచన అక్కర్లేదు.

మా కొట్టు పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. గుడ్డ కొలిచి గోరుతో గీత పెడతాం గానీ, గీత మీద కొయ్యం. బొటనవేలు వెడల్పు దాటించి కోస్తాం. అది కొసరు. మా దగ్గర కొన్నవాళ్ళకి గుడ్డ తక్కువైందన్న మాట రాకూడదు. చిన్నప్పుడు నేను గీత మీద కోసినప్పుడల్లా నా నెత్తి మీద నాన్న మొట్టికాయ పడేది. అలా మొట్టి మొట్టి కొసరు నా చేతికి ఎక్కించాడు. ఇక బుర్రతో పని లేదు.

షెడ్డులో ఇనుప రేకు మీద సుద్దతో గీసిందీ ఆ చెయ్యే. కాగితం మీద నేను వేసుకున్న బొమ్మ, కొలతలు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. రేకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతి ముక్కకీ ఓ బొటనవేలు కలిపాను. చట్రానికీ కలిపాను, ఇరుసుకీ కలిపాను, మట్టిని గీకే పళ్ళ చక్రాలకీ కలిపాను. పక్షపాతం లేకుండా అన్నిటికీ కలపడంతో ఒకదానికొకటి చక్కగా అమిరిపోయాయి. షెడ్డు వెనక బురదలో నడిపి చూస్తే వెన్నలా సాగిపోయింది. నా అంతటివాడు లేడనుకుని దానికి ఆకుపచ్చ రంగు వేశాను, బంతిపూల దండ వేశాను, కొబ్బరికాయ కూడా కొట్టాను.

పురుషోత్తంపూర్ దగ్గర మా కొట్టుకి పాతకాలం నుంచీ వచ్చే రైతు ఒకాయన తన మడి ఇచ్చాడు. తాడు పట్టి వరసల్లో నాటిన మడి. వరసకీ వరసకీ మధ్య జానెడు చోటు, ఆ చోట్లోనే యంత్రం నడవాలి. నాన్న తెల్ల పంచెలో గట్టు మీద నిలబడ్డాడు. నేను ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఫోటోకి నిలబడ్డట్టు నిలబడి, ఇంజను స్టార్ట్ చేశాను.

అబ్బ, ఏం పరుగు! మడి ఆ చివరిదాకా ఎక్కడా ఆగలేదు. చప్పట్లు వినిపిస్తాయేమోనని వెనక్కి తిరిగాను. నా వెనకంతా వరి పైరు వేళ్ళతో సహా నీళ్ళ మీద తేలుతోంది. అటో వరస, ఇటో వరస. మధ్యలో కలుపు కూడా లేచింది, కాదనను.

రైతు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "బాబూ, ఈ మిషను కలుపు తీడానికేనా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. నేను ఇంజను ఆపేశాను.

నాన్న పంచె ఎగ్గట్టి మడిలోకి దిగాడు. యంత్రం పక్కన వంగి జానతో కొలిచాడు. జాన దాటి ఓ బొటనవేలు మిగిలింది. ఆ వేలునీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఓరి నా తండ్రే! ఇనానికి కొసరేటిరా!"

పొద్దు వాలేదాకా ముగ్గురం వంగి, లేచిపోయిన పైరు మళ్ళీ నాటాం. కలుపు యంత్రం కనిపెట్టినవాడు చేత్తో ఊడ్పులు ఊడ్చడం ఆ చుట్టుపక్కల అదే మొదటిసారి అనుకుంటాను.  తిరిగొచ్చే దారిలో నాకు ఏడుపొచ్చింది. యంత్రం గురించి కాదు, ఇక షెడ్డు లేదు కదా అని.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి పరుపు మీద కూర్చున్నాను. ఒట్టు ఒట్టే. మొదటి బేరం ఓ పెద్దావిడ, జాకెట్టు గుడ్డ కోసం వచ్చింది. కొలిచాను, గోరుతో గీత పెట్టాను. నిన్నటి దెబ్బ ఇంకా తలలో మండుతోంది. పళ్ళు బిగబట్టి సరిగ్గా గీత మీదే కోశాను. జన్మలో అంత కచ్చితంగా నేనేదీ కొయ్యలేదు.

ఆవిడ ముక్కని పట్టి చూసుకుంది, నాన్న వైపు తిరిగింది. "ఆఉ టికే?" అంది ఒడియాలో, ఇంకాస్త రాదా అన్నట్టు.

నాన్న నా చేతిలో కత్తెర లాక్కున్నాడు. మొట్టికాయ పడుతుందని తల వంచాను. పడలేదు. ఆ ముక్క పక్కన పెట్టేసి, గుడ్డ తాను విప్పి, ఆవిడకి కొత్తగా కొలుస్తూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఇనం ఎక్కువైతే కోసుకోవొచ్చు. గుడ్డ తక్కువైతే నానేటి సేసేది? నువ్విక్కడుంటే నా కొట్టు మునిగిపోద్ది. ఎల్లు, ఎల్లి ఆ మిషను సరిసేసుకో."

"మరి ఒట్టు, నాన్నా?"

"మీ అమ్మకి నాను సెప్పుకుంతాన్లే. ఎల్లెహె!"

దిగ్గున లేచాను. కళ్ళ నీళ్ళు కనపడకుండా మొహం తిప్పుకుని, చెప్పులు దొరికినంత మట్టుకు తొడుక్కుని, బజారులో పడ్డాను. వెనకనించి నాన్న గొంతు అన్ని కొట్లవాళ్ళకీ వినిపించేలా వచ్చింది.

"ఒరే, గీత మీద కొయ్యరా!"