ముదీర్‌గారి ఒకటో నంబరు

మేము కంప్యూటర్ల పనిలో కాలుపెట్టిన ఆ రోజుల్లో ఒక సుఖం ఉండేది. మనం చేసేది ఏమిటో ఇంట్లోవాళ్లకీ తెలియదు, ఆఫీసులోవాళ్లకీ తెలియదు. తప్పు చేసినా గంభీరంగా నిలబడితే చాలు, ఏదో గొప్ప పని జరుగుతోందనుకునేవారు. పెళ్లయిన కొత్తలో కువైట్‌లోని అహ్మదిలో ఒక కాంట్రాక్టు కంపెనీలో చేరి, ఆ గాంభీర్యంతోనే నేను చాలాకాలం నెట్టుకొచ్చాను. నా పని కంప్యూటర్లకు పేర్లు పెట్టడం. నెట్‌వర్కులో ప్రతి కంప్యూటరుకూ ఒక నంబరు ఉంటుంది. నంబర్లు ఎవరికీ గుర్తుండవు కాబట్టి ఫలానా పేరంటే ఫలానా నంబరని ఒకచోట రాసిపెట్టాలి. దాన్నే డీఎన్ఎస్ అంటారు. (టెలిఫోను డైరెక్టరీ లాంటిదని మా నాయనకు చెబితే, "దానికి నిన్ను కువైట్‌కు పిలిపించినారా?" అన్నాడు.) చేత్తో రాస్తే తప్పులు దొర్లుతున్నాయని చిన్న షెల్ స్క్రిప్టు ఒకటి తయారుచేశాను. పేర్ల పట్టీ ఇచ్చి ఎంటర్ కొడితే అన్నీ అదే రాసుకుపోయేది. ఆఫీసు మొత్తానికీ ఒక్క వేటుతో నామకరణం.

సరిగ్గా అప్పుడే రాయచోటిలో నాకు కూతురు పుట్టింది. తండ్రి వచ్చి పేరు పెట్టాలని పిల్లను తొట్టిలో వేయకుండా ఆపారు. ఫోనులో నా భార్య గొంతులో సహనం అయిపోతోంది. "ఊరంతా పాపా, పాపా అంటాండారు. నువ్వు రాకుంటే మా యమ్మ ఒగ పేరు, మీ యమ్మ ఒగ పేరు పెట్టేట్టుండారు. ఆ తర్వాత నన్నడగద్దు."

నా లీవు కాగితం ముదీర్ బల్ల మీద ఉంది. ముదీర్ అంటే మా మేనేజరు, కువైటీ, మంచి మనిషి, కార్లంటే ప్రాణం. కారుకు నంబరు ప్లేటు మీద అంకెలు ఎంత తక్కువుంటే ఆ యజమానికి ఇక్కడ అంత గౌరవం. అలాంటి ప్లేటు ఒకటి ఆయన చేతికి అందినట్టే అంది, వేరొకరికి పోయింది. ఆ దిగులులో ఉండగా కంప్యూటర్లకూ నంబర్లుంటాయని ఎవరో చెప్పారు. నన్ను పిలిచి తనది ఎంత అని అడిగాడు. ముప్పై ఏడు అన్నాను. మరి ఒకటి ఎవరిది? ఎవరిదీ కాదు, ఆఫీసు నుంచి బయటి నెట్‌కు పోయే గేటు పెట్టెది అన్నాను. ఒక పెట్టె ఒకటో నంబరులో కూర్చుంటే తను ముప్పై ఏడులో ఎలా కూర్చుంటాడని ఆయన బాధ. నా కాగితాన్ని పక్కకు జరిపి, "ముందు ఒకటి, తర్వాత లీవు. ఖలాస్" అన్నాడు.

గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా సీనియర్ ఒకాయన ఉండేవారు. "ఇచ్చి పారెయ్యవోయ్. గేటు కూలితే ఆయనే దిగొస్తాడు" అన్నారు. ఇచ్చాను. గేటు కోసం వెతికే కంప్యూటర్లన్నీ వెళ్లి ముదీర్ కంప్యూటరు తలుపు తట్టడం మొదలుపెట్టాయి. మెయిళ్లు ఆగిపోయాయి, అకౌంట్లవాళ్లు లేచి నిలబడ్డారు. ముదీర్ మాత్రం దిగిరాలేదు, ఆయన తన కంప్యూటరులో పేకాట తప్ప ఏమీ ఆడడు, దానికి నెట్ అక్కరలేదు. ఆఫీసులో ఎవరు ఏది పంపినా అంతా మీ గదికే వచ్చి ఆగిపోతోంది సార్ అని మొత్తుకున్నాను.

"అలాగే కదా ఉండాలి?" అన్నాడు, ముక్క కదుపుతూ.

ఆ పూట నా డైరీలో ఒకే వాక్యం ఉంది: నెట్ లేదు, కారణం నేనే.

మధ్యాహ్నం ఆయన నమాజుకు లేచినప్పుడు ఆయన కంప్యూటరును మళ్లీ ముప్పై ఏడుకు, ఒకటిని గేటుకు మార్చేశాను. స్క్రిప్టులో ఒక వరుస చేర్చాను: 'నంబర్ వన్' అనే పేరు పిలిస్తే ముప్పై ఏడు పలకాలి. ఆయన రాగానే ఆ పేరు కొట్టి చూపించాను. ఆయన కంప్యూటరు టకటకా జవాబిచ్చింది. ముఖం వెలిగింది గానీ, కారు కొనేవాడి కన్ను కదా, పక్కనే ఉన్న అంకె దొరికిపోయింది. ఈ ముప్పై ఏడు ఏమిటి అన్నాడు. నా లీవు, నా కూతురు, దాని అమ్మమ్మా, నాయనమ్మా కళ్లముందు తిరిగారు.

"అది చాసిస్ నంబరు సార్. ప్లేటు ఇదీ" అన్నాను.

ఆయన ఆ పేరును ఇంకోసారి కొట్టి చూశాడు. చాసిస్ నంబరు ఎవరు చూస్తారు, అని తనలో తనే అనుకుని, కాగితం ముందుకు లాక్కున్నాడు. సంతకం చేస్తూ పాప పేరేమిటని అడిగాడు. ఇంకా పెట్టలేదన్నాను. ఇన్ని మిషన్లకు చిటికెలో పెడతావే, ఒక్క పిల్లకు ఇన్నాళ్లా అన్నాడు.

"మిషన్లకు అమ్మమ్మలు ఉండరు సార్."

నవ్వి, "యల్లా, వెళ్లు" అన్నాడు. (నేను తిరిగొచ్చేసరికి అకౌంటెంటు 'నంబర్ టూ' కావాలని కాచుక్కూర్చున్నాడు. అదీ ఇచ్చాను, అదొక్క వరుసేగా.) ఊళ్లో పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాసి, పాప చెవిలో మూడుసార్లు చెప్పాను. స్క్రిప్టు లేదు, ఎంటర్ లేదు.

ఆ పిల్ల ఇప్పుడు కువైట్ సిటీలో ఉద్యోగం చేస్తోంది. రిటైరైన నేను ఫర్వానియాలో దాని ఫ్లాటుకు చుట్టపుచూపుగా వచ్చి, బాల్కనీలో కూర్చుని కింద కార్ల ప్లేట్లు చదువుకుంటూ ఇది రాస్తున్నాను. ఇందాకే రెండంకెల ప్లేటు ఒకటి పోయింది. చూపిద్దామని మా అమ్మాయిని పేరు పెట్టి పిలిచాను. చెవుల్లో ఏదో పెట్టుకుని లోపల పనిచేసుకుంటోంది. మళ్లీ పిలిచాను. మూడోసారికి, "ఒగ్గ నిమిషం, నాయనా" అంది. పేరు సరిగ్గానే పెట్టాను, జవాబు కొంచెం ఆలస్యంగా వస్తోంది, అంతే.